చప్పుడేమైనా వస్తోందా?

రీడింగ్ హాలు, కౌంటరు వెనక కుర్చీ
ఫిబ్రవరి మొదటి వారం

ఒసేయ్ మరదలు పిల్లా,

నీ ఉత్తరం అందింది. తుంటి నొప్పి మీద ఒకటిన్నర పేజీ, మిగతా లోకం మీద రెండు లైన్లు. ఆపరేషన్‌కి ముందు నేనూ అలాగే ఉండేదాన్ని కాబట్టి నిన్నేమీ అనను.

చేయించుకోవాలా వద్దా అని అడిగావు. చేయించుకో. అరిగిపోయిన కీలు తీసేసి కొత్తది పెడతారు. తొడ ఎముకలోకి దిగే లోహపు కాడ ఒకటి, దాని మీద పింగాణీ బంతి, పైన ఆ బంతి తిరగడానికి పింగాణీ గిన్నె. మా సర్జను ఒక నమూనా తెచ్చి నా చేతిలో పెట్టాడు. నా కాలికి టీ కప్పు తగిలిస్తారా అన్నాను. "కప్పుకి ముత్తాత అనుకోండమ్మా, మీకంటే గట్టిది" అన్నాడు. నాకంటే గట్టిదంటే పక్కనున్న మీ అన్నయ్య నమ్మలేదు.

ఇప్పుడు చూడు. కర్ర తలుపు వెనక ఉంది. పొద్దున హాలుకి నడిచే వస్తున్నాను. వరసల మధ్య రోజంతా తిరుగుతున్నాను. ఒక్క విషయం గొప్పగా చెప్పుకోవాలి. ఈ హాలు ఇంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. ఇదివరకు ప్రతి బల్ల దగ్గరా ఆగి "ష్" అనాల్సొచ్చేది. ఇప్పుడు నేను వరస మొదటికి రాకముందే అందరూ నోళ్ళు మూసేసి పుస్తకాల్లో తలలు దూర్చేస్తున్నారు. మా ఇన్‌చార్జి నేను తిరిగే దారి పొడవునా తివాచీ పరిపించింది. ఎందుకమ్మా అంటే "మీకు మెత్తగా ఉంటుందని" అంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు జరిగిన సన్మానం అదే.

డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా అవే ప్రశ్నలు. నొప్పి ఉందా? వాపు ఉందా? చప్పుడేమైనా వస్తోందా? లేదు, లేదు, లేదు అన్నాను. మీ అన్నయ్య పక్కన కూర్చుని గోళ్ళు చూసుకుంటాడు, పరీక్ష ఆయనకే పెట్టినట్టు.

ఫోన్ చెయ్యొచ్చుగా అని ఆయన అంటాడు. ఏం లాభం? మనిద్దరం పనిచేసిన ఆ మగ్గాల షెడ్డు మన చెవుల్లోంచి సన్న శబ్దాలన్నీ ఎత్తుకుపోయింది. లారీ వినబడుతుంది, పిచ్చుక వినబడదు. ఫోన్‌లో నీ గొంతు పిచ్చుక గొంతే. అదే నువ్వు షెడ్డు అవతలి గోడ దగ్గర నిలబడి పెదవులు కదిపితే ఎవర్ని తిడుతున్నావో కూడా చెప్పేదాన్ని.

నా చెవి మిషన్ ఈలలు వేస్తోందని మీ అన్నయ్య రిపేరుకిచ్చాడు. ఏదో చిన్న భాగం దొరకడం లేదట, కొట్టువాడు తిప్పుతున్నాడు. డిపోలో బస్సులు విప్పి బిగించిన మనిషికి ఇంత చిన్న మిషన్ లొంగలేదంటే నవ్వొస్తుంది. ఆయనకి కొత్తగా రేడియో పిచ్చి పట్టింది. నేను కుర్చీలోంచి లేస్తే చాలు, దాని ఎర్రదీపం వెలుగుతుంది. ఏం వింటాడో ఏమో.

నీ సర్జను దగ్గరికి ఎప్పుడెళ్తున్నావో రాయి.

మీ వదిన

•

బొత్తాల కొట్టు పైన గది
ఫిబ్రవరి చివర

వదినా,

నీ సన్మానం చదివి సంతోషం. తివాచీ మీద నడిచే వదినగారికి ఇకమీదట ఉత్తరం రాయాలంటే భయపడాలి.

నా సంగతి చెప్పుకోడానికి సిగ్గు. పొద్దున కొట్టు తెరవడానికి మెట్లు దిగాలి కదా, కూర్చుని ఒక్కో మెట్టూ జరుగుతూ దిగుతున్నాను. మొన్న ఒకావిడ చొక్కా బొత్తాలకని వచ్చి, నేను మెట్ల మధ్యలో కూర్చునుంటే "జారిపడ్డారా?" అని కంగారుపడింది. లేదమ్మా, కొట్టు తెరుస్తున్నా అన్నాను. మా పిల్ల పనికి సెలవు పెడతానంటోంది. వద్దన్నాను. సర్జను వచ్చే నెల చూస్తానన్నాడు. నీకు పెట్టినటువంటిదే పెడతారట.

రేడియో గురించి రాశావు. అన్నయ్యకి చిన్నప్పట్నించీ పాటలంటే ఇష్టమే, నువ్వు గమనించలేదేమో. నువ్వు కర్ర లేకుండా నడుస్తున్నావు, అది చాలు. క్రితంసారి నేను వచ్చినప్పుడు వీధి చివరిదాకా నడిచి, వెనక్కి తిరిగి, చేతులు రెండూ పైకెత్తి చూపించావు చూడు, అది నా కళ్ళముందే ఉంది. నేనూ అలా నడవాలని తప్ప నాకు వేరే ఆలోచన లేదు.

చెవి మిషన్ ఏ కొట్లో ఇచ్చాడు? ఇంత ఆలస్యమా? వేరే చోట చూపించుకోరాదూ.

నీ మరదలు

•

ఇల్లు, వంటగది
మార్చి రెండో వారం

మరదలికి,

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మధ్యలో నా మాటలేమీ కలపడం లేదు.

ఆదివారం పొద్దున కర్టెన్ రాడ్ ఊడింది. మీ అన్నయ్య ఇంట్లో లేడు. స్క్రూడ్రైవర్ కోసం ఆయన టూల్ బాక్సు తెరిచాను. అడుగున, గుడ్డముక్క కింద, చిన్న రేకు డబ్బా. అందులో నా చెవి మిషన్. తుడిచి ఉంది. కొత్త బ్యాటరీ వేసి ఉంది. రిపేరు నుంచి వచ్చింది, చెప్పడం మర్చిపోయాడు అనుకున్నాను. చెవిలో పెట్టుకున్నాను. చక్కగా పనిచేసింది. కుళాయి చుక్కలు వినబడ్డాయి. ఎంత సంతోషించానో.

రెండడుగులు వేశాను. తలుపు కిర్రుమంది. ఇన్నాళ్ళూ ఈ తలుపు ఇంత చప్పుడు చేస్తోందా అనుకుని, నూనె తెచ్చి వంటింటి తలుపు కీళ్ళకి రాశాను. మళ్ళీ నడిచాను. మళ్ళీ కిర్రు. స్నానాలగది తలుపనుకున్నాను, దానికీ రాశాను. తర్వాత కుర్చీకి. తర్వాత అలమారకి. ఇల్లంతా నూనె చేశాను. చప్పుడు పోలేదు. కూర్చుంటే ఆగింది. లేస్తే మొదలైంది.

అప్పుడు పొయ్యిగట్టు పట్టుకుని నిలబడి, ఎడమ కాలు ముందుకీ వెనక్కీ ఊపాను.

తడి వేలితో గాజుగ్లాసు అంచు రుద్దితే ఎలా ఉంటుంది? అలా. నా లోపల్నుంచి. గట్టిగా. పక్కింటివాళ్ళకి వినబడేటంత గట్టిగా.

మీ అన్నయ్య వచ్చాడు. చెప్పులు విడుస్తూ, నావైపు చూడకుండానే చెయ్యి చాచి రేడియో వేశాడు. తర్వాత చూశాడు. నా చెవి చూశాడు. ఆ చెయ్యి మీట మీదే ఉండిపోయింది.

"రిపేరు నుంచి ఎప్పుడొచ్చింది?" అన్నాను.

"నిన్ననే."

"టూల్ బాక్సులోకా?"

ఆయన కూర్చున్నాడు. రేడియో ఆపలేదు.

"ఎప్పట్నించి వస్తోంది ఈ చప్పుడు?"

"నువ్వు కర్ర పక్కన పెట్టిన కొన్నాళ్ళకి."

"ఎవరెవరికి తెలుసు?"

"వినబడేవాళ్ళందరికీ."

"డాక్టరు అడిగినప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు కదా!" అన్నాను. ఆయన్ని నువ్వు అన్నది అదే మొదటిసారి. అన్నాక వెనక్కి తీసుకోలేదు.

ఆయన ఏమన్నాడో ఆయన మాటల్లోనే రాస్తాను. "డిపోలో కొత్త బేరింగు వేస్తే కొన్నాళ్ళు కిర్రుమంటుంది. తిరగ్గా తిరగ్గా సర్దుకుంటుంది. నీదీ అంతే అనుకున్నాను. ఈలోపు నీ చెవిన పడితే భయపడి మళ్ళీ కర్ర పట్టుకుంటావు. నువ్వు నడుస్తుంటే చూడాలని ఉండింది నాకు."

హాల్లో నిశ్శబ్దం ఎందుకో ఇప్పుడు తెలిసింది. నేను వస్తున్నట్టు వాళ్ళకి ముందే వినబడుతోంది. నలుగురూ చదువుకునే చోట, నోటి మీద వేలు పెట్టి అందర్నీ ష్ ష్ అంటూ, నూనె లేని తలుపులా కిర్రుకిర్రుమంటూ తిరిగాను. ఇన్‌చార్జి తివాచీ ఎందుకు పరిపించిందో కూడా తెలిసింది. నా చెప్పుల చప్పుడనుకుంది, పాపం.

మిషన్ తీసి సొరుగులో పెట్టేశాను. ఇంక పెట్టుకోను.

ఇదంతా అయ్యాక మీ అన్నయ్య ఇంకో మాటన్నాడు. ఆయన కావాలని అనలేదు, నోరుజారాడు. "మా చెల్లి కూడా చెప్పొద్దనే అంది" అన్నాడు.

ఒక్కమాట రాయి. నీకు తెలుసా, తెలీదా?

•

బొత్తాల కొట్టు
మార్చి చివర

వదినా,

తెలుసు.

నీ ఇంటికి వచ్చినప్పుడు నాకు వినబడలేదు, నా చెవులూ నీ చెవులే కదా. అన్నయ్య నన్ను బస్సెక్కించడానికి వచ్చినప్పుడు చెప్పాడు. చెప్పమంటావా వద్దా అని అడిగాడు. అప్పుడే నువ్వు వీధి చివర చేతులెత్తి నిలబడ్డావు. ఇప్పుడే ఎందుకులే అన్నాను. ఎప్పుడు చెప్పాలో మాత్రం అనలేదు. రేడియో పాటల గురించి నీకు రాసింది అబద్ధం. వాడికి పాటలంటే తలనొప్పి.

కానీ చెవి మిషన్ సంగతి నాకు తెలీదు. చదివి కొట్టులో బల్ల మీద పెట్టిన బొత్తాల పెట్టె తోసేసుకున్నాను. మనిషి కళ్ళద్దాలు దాచేసి దారి చూపిస్తున్నానన్నట్టుంది. వాడితో మాట్లాడటం లేదు. నువ్వు నాతో మాట్లాడకపోయినా నేనేమీ అనలేను.

అయినా ఇది చదువు. నిన్న నా సర్జను దగ్గరికి వెళ్ళాను. నాకు పెట్టేది పింగాణీదే. చప్పుడు వస్తుందా అని నేనే అడిగాను. కొందరికి వస్తుందట. చాలామందికి అదేమీ ప్రమాదం కాదట, చికాకు తప్ప. కానీ వస్తే చెప్పి తీరాలట. గిన్నె కొంచెం ఒరిగి కూర్చుంటే బంతి దాని అంచు మీద రాసుకుంటుంది, చప్పుడు అందువల్ల కూడా రావొచ్చు, ఫొటోలు తీసి చూడాలి అన్నాడు. "మా వదినకి వస్తోంది, ఆవిడకే వినబడదు. డాక్టరు అడిగితే ప్రతిసారీ లేదని చెప్పింది" అన్నాను. ఆయన రాస్తున్న పెన్ను కింద పెట్టాడు. "పక్కన ఎవరూ లేరా?" అన్నాడు.

ఉన్నారని చెప్పడానికి నోరు రాలేదు వదినా.

మీ సర్జనుకి చెప్పు. నా మీద కోపం తర్వాత తీర్చుకుందువుగాని.

నీ మరదలు

•

రీడింగ్ హాలు
ఏప్రిల్

మరదలా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. కోపం తగ్గేదాకా రాయకూడదనుకున్నాను. తగ్గలేదు, కానీ నీకు చెప్పకుండా ఉండలేని వార్త ఒకటుంది.

నువ్వు రాసినట్టే డాక్టరు దగ్గర రోజు తీసుకున్నాను. ఈలోపు చప్పుడు ఆగిపోయింది. నిజంగా. ఒక పొద్దున లేచి నీళ్ళు తాగడానికి వెళ్తుంటే మీ అన్నయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. "మళ్ళీ నడువు" అన్నాడు. నడిచాను. "ఇంకోసారి." నడిచాను. చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. "చెప్పానా? సర్దుకుంది!" అన్నాడు. ఆయన మొహంలో ఆ వెలుగు చూసి, నెల రోజులుగా బిగబట్టుకున్న దాన్ని నవ్వేశాను. ఆ రోజు రేడియో తీసుకెళ్ళి అటక మీద పడేశాడు.

హాల్లో ఏమైందో విను. మొన్న నేను ఆఖరి వరసలోకి వెళ్ళేదాకా ఎవరికీ తెలీలేదు. ఇద్దరు పెద్దమనుషులు, రోజూ పేపరు చదవడానికి వచ్చేవాళ్ళే, అట్లాసు అడ్డం పెట్టుకుని బిస్కెట్లు తింటూ దొరికారు. "మీరు రావడం వినబడలేదండీ" అని ఒకాయన నామీదే నిష్ఠూరమాడాడు. వాళ్ళందరి దొంగతనాలూ ఇప్పుడు నా చేతికి చిక్కాయి. నేనిక మామూలు మనిషినే.

అందుకని డాక్టరు దగ్గర తీసుకున్న రోజు రద్దు చేసుకున్నాను. ఏమని చెప్పుకోను? నాకు వినబడని చప్పుడొకటి ఉండేదండీ, అదిప్పుడు లేదండీ అనా? నవ్విపోతాడు.

ఒక చిత్రం మాత్రం చెప్పాలి. ఇప్పుడు నాకే ఏదో వినబడుతోంది, మిషన్ లేకుండానే. సన్నటిది కాదు, లావు చప్పుడు. అన్నంలో ఇసుక పలుకు పంటికింద పడితే తలలో మోగుతుంది చూడు, అలా. లోపల్నించి. మీ అన్నయ్యకి వినిపించమంటే నడుం దగ్గర చెవి పెట్టి చూశాడు, కిర్రు లేదు కదా, అంతా బాగానే ఉంది అన్నాడు. ఆయన చెవులు ఇంకా ఆ కిర్రునే వెతుకుతున్నాయి. చెయ్యి పెడితే నాకు మాత్రం గరగరా తగులుతోంది. నొప్పి లేదు. మెట్ల దగ్గర ఒక్కోసారి కాలు పట్టుతప్పినట్టుంటుంది, అంతే.

నీ ఆపరేషన్ ఎప్పుడు?

మీ వదిన

•

బొత్తాల కొట్టు
ఏప్రిల్, నీ ఉత్తరం అందిన పూటే

వదినా,

ఇది కూర్చునే చదువు. లేవకు. ఎడమ కాలు కింద పెట్టకు. ఈ ఉత్తరం తెచ్చిన నీ మేనకోడలు నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్తుంది, వాహనం మాట్లాడే లోపలికి వస్తుంది.

పోస్టులో వేస్తే ఆలస్యమని మా పిల్ల చేతికిచ్చి బస్సెక్కించాను. ముందు అన్నయ్యకి ఫోన్ చేయించాను. "ఆగిపోయిందిగా, ఇంకేంటి మీ గోల" అని పెట్టేశాడట.

నా సర్జను ఆ రోజు ఇంకో మాట కూడా అన్నాడు. అది నీకు రాయలేదు. "చప్పుడు వస్తే చెప్పాలి. చప్పుడు మారితే ఆ రోజే రావాలి. నలిగినట్టు, ఇసుక నూరినట్టు అయితే అడుగు కూడా వెయ్యకూడదు, పింగాణీ పగిలిందేమో చూడాలి" అన్నాడు. పగలడం చాలా అరుదు అని కూడా అన్నాడు. ఆ మాట కాగితం మీద పెట్టి, కొట్టేసి, వేరే కాగితం తీసుకుని మొదటి సగమే రాశాను. నిన్ను ఇంకా భయపెట్టడం ఎందుకనుకున్నాను. నన్ను నేను భయపెట్టుకోవడం కూడా ఇష్టం లేకపోయింది, అదే కీలు నాకు పెడతారు కదా.

రెండోసారి వదినా. అన్నయ్యని తిడుతూనే మళ్ళీ అదే పని చేశాను.

లేవకు.

•

ఆసుపత్రి, ఎముకల వార్డు, గోడవైపు మంచం
మే

మరదలా,

నర్సు దగ్గర పెన్ను అడుక్కుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే మంచం తప్పు.

నీ కూతురు నన్ను కుర్చీతో సహా ఎత్తించి తీసుకొచ్చింది. మీ అన్నయ్య వాకిట్లో అడ్డం నిలబడి "బాగానే నడుస్తోంది కదే" అన్నాడు. ఆ పిల్ల ఆయనకి నీ ఉత్తరం చూపించింది. నిలబడే చదివాడు. చదివాక మెట్టు మీద కూర్చుండిపోయాడు.

ఫొటో తీశారు. గిన్నె అంచు విరిగింది. పళ్ళెం అంచు పెచ్చు ఊడినట్టు, చంద్రవంకలా ఒక ముక్క, చుట్టూ తెల్లటి నలుసులు. నాకు తెరమీద చూపించారు. అది నా ఒంట్లోదని నమ్మడానికి చాలాసేపు పట్టింది. నొప్పి లేదు కదా, నొప్పి లేదు కదా అని అడుగుతూనే ఉన్నాను. ఇంత పగిలితే మనిషికి తెలియదా?

సర్జను పాత కాగితాలన్నీ ముందేసుకున్నాడు. "చప్పుడు లేదు, చప్పుడు లేదు, చప్పుడు లేదు. ప్రతిసారీ మీరే చెప్పారమ్మా" అన్నాడు.

"నాకు వినబడలేదండీ. మగ్గాల దగ్గర పనిచేశాను. సన్నవి వినబడవు."

ఆయన మొహం పాలిపోయింది. ఆ కాగితాలు మూసేశాడు. తర్వాత మీ అన్నయ్య వైపు తిరిగాడు. "మీకు?"

"వినబడింది" అన్నాడు మీ అన్నయ్య.

"ఎన్నాళ్ళుగా?"

"మొదట్నించీ."

ఆ గదిలో ఉన్న నర్సు కూడా పని ఆపేసి చూసింది. సర్జను గట్టిగా ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ముందే తెలిస్తే గిన్నె కూర్చున్న తీరు చూసేవాడినన్నాడు. అప్పుడే సరిచేస్తే ఇలా అయ్యేది కాదా అంటే, అలా చెప్పలేనన్నాడు. కాకపోవచ్చు, అయినా కావచ్చు. చెప్పగలిగిందల్లా ఒకటే. ఆ ముక్కల మీద ఇంకొన్నాళ్ళు నడిచి ఉంటే అవి నూరుకుని పొడై, ఎముకనీ లోహపు కాడనీ కూడా తినేసేవి. అప్పుడు మార్చడానికి ఏమీ మిగిలేది కాదు. "ఎవరు పంపించారు మిమ్మల్ని?" అన్నాడు. మా ఆడపడుచు అన్నాను.

నువ్వు దాచిందీ, నన్ను ఇక్కడికి పంపిందీ ఒకే లెక్కలో వేసుకుంటున్నాను. నీ బాకీ పూర్తిగా కొట్టెయ్యలేదు.

పాత గిన్నె, బంతి తీసేశారు. నలుసులు కడగడానికే ఎక్కువసేపు పట్టిందట. ఈసారి గిన్నె ప్లాస్టిక్‌ది, గట్టి రకం. బంతి పింగాణీదే, కొత్తది. ముక్కలు సీసాలో వేసి చూపించారు. సీసా ఊపితే నాకు వినబడింది. ఆ చప్పుడే. మీ అన్నయ్య ఆ సీసా ఇంటికి తీసుకెళ్తానన్నాడు. ఎందుకంటే చెప్పలేదు.

మళ్ళీ కర్ర, చాలా నెలలు. హాలు ఇన్‌చార్జి వచ్చి వెళ్ళింది. కుర్చీ అలాగే ఉంచుతానంది. అట్లాసు పెద్దమనుషులిద్దరూ బిస్కెట్ల పొట్లం పంపించారు.

మీ వదిన

•

బొత్తాల కొట్టు పైన గది
జూన్

వదినా,

నువ్వు లేచి కూర్చున్నావని మా పిల్ల చెప్పింది. నాలుగు రోజులు అన్నం దిగలేదు నాకు.

ఒక సంగతి నా నోటితోనే చెప్తున్నాను, ఇంకొకరి నోటివెంట వినే పని నీకు పెట్టను. ఆపరేషన్ వద్దనుకున్నాను. పేరు తీయించేసుకున్నాను. ఆ సీసా గురించి చదివాక నా వల్ల కాలేదు. నా చెవులూ అలాంటివే, నాకూ వినబడదు. రేపు నా ఒంట్లో ఏది పగిలినా నేను నవ్వుతూ "ఏం లేదండీ" అంటాను. దానికంటే మెట్ల మీద జరగడమే నయం. ఇప్పుడు కొట్టు ఒక్కపూటే తెరుస్తున్నాను. పై గదిలోంచి కిందికి బుట్ట వదిలి బొత్తాలు అమ్మొచ్చేమో చూడాలి.

ఈ విషయంలో నన్ను మార్చాలని చూడకు.

నీ మరదలు

•

ఇల్లు, ముందు గది
ఆగస్టు

మరదలు పిల్లా,

నిన్ను మార్చాలని చూడటం లేదు. నిన్న పొద్దున ఈ గదిలో జరిగింది రాస్తాను, చదువుకో.

కర్ర లేకుండా నడవడానికి సర్జను ఒప్పుకున్నాడు. మీ అన్నయ్యని ఆ కుర్చీలో కూర్చోబెట్టాను. చెవి మిషన్ పెట్టుకున్నాను. అటక మీద పడేసిన రేడియో నేనే దింపించి దాని చోట దాన్ని పెట్టించాను. "రేడియో ఆపండి" అన్నాను. "ఆపే ఉంది" అన్నాడు. ఆయన మాట నమ్మలేదు, వెళ్ళి చూశాను. దీపం ఆరి ఉంది.

"చప్పుడేమైనా వస్తే చెప్పాలి. దాచారో, ఈ ఇంట్లో ఇదే ఆఖరి రోజు. నాకు కాదు, మీకు" అన్నాను.

తలుపు దగ్గర్నుంచి కిటికీ దాకా నడిచాను.

"ఉంది" అన్నాడు.

నా చెయ్యి గోడ మీదికి పోయింది. కాలు కింద పెట్టాలో ఎత్తాలో తెలీలేదు. మళ్ళీ ఆ బల్ల, ఆ మత్తు, ఆ సీసా, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చాయి.

"ఎక్కడ?" అన్నాను.

"కుడి చెప్పు. అడుగు ఊడింది. టపటపమంటోంది."

పడీపడీ నవ్వి ఉంటాననుకుంటున్నావా? తిట్టాను. కుడి కాలికి ఆపరేషన్ ఎక్కడయిందయ్యా అని గట్టిగా అరిచాను. "చప్పుడేమైనా అన్నావు కదా, ఏది అని అడగలేదుగా" అన్నాడు. ఆ మొహం చూస్తే తమాషా కాదు. నిజంగానే భయపడి చెప్పాడు. పాలమనిషి సైకిలు బెల్లు మోగినా చెప్పేట్టున్నాడు.

చెప్పులు విడిచి మళ్ళీ నడిచాను. ఈసారి ఆయన కుర్చీలోంచి దిగి నేలమీద కూర్చున్నాడు. డిపోలో బస్సు కింద చెవి పెట్టి వినేవాడట, అలా. "ఇంకోసారి." నడిచాను. "తిరుగు." తిరిగాను. "ఇప్పుడు మెల్లిగా." నడిచాను. సన్నది వింటున్నాడు, లావుది కూడా వింటున్నాడు. కిర్రుకి కళ్ళు మూసుకుని, గరగరకి నా తుంటి మీద అరచెయ్యి వేసి. సీసా ఎందుకు తెచ్చుకున్నాడో అప్పుడు తెలిసింది. రోజూ దాన్ని చెవి దగ్గర ఊపుకుని ఆ చప్పుడు నేర్చుకుంటున్నాడట.

చాలాసేపటికి తలెత్తి, మిషన్ పెట్టుకున్నా సరే, షెడ్డులోలా పెదవులు పెద్దగా కదిపి చెప్పాడు.

"లేదు."

నేను డాక్టరుకి అన్నిసార్లు చెప్పిన మాట అది. నిన్న మొదటిసారి విన్నాను.

నీ పేరు మళ్ళీ రాయించుకో. పింగాణీ గిన్నె వద్దు, ప్లాస్టిక్ కుదురుతుందా అని అడుగు, కుదరకపోతే ఎందుకో అడుగు. మేమిద్దరం వస్తాం. నేను బొత్తాలమ్ముతాను, ఆయన నీతో డాక్టరు దగ్గరికి వస్తాడు. చప్పుడేమైనా వస్తోందా అని అడిగినప్పుడు నువ్వు నోరు తెరవకు. పక్కకి తిరిగి మీ అన్నయ్య పెదవులు చూడు.

గోళ్ళు చూసుకుంటూ కనిపిస్తే మాత్రం తన్ను. బాగున్న కాలితో.

మీ వదిన